పెన్సిల్ కంటే ముందు కత్తెర: మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు గీయడం, కత్తిరించడం ఎలా నేర్పాలి

"మా పాప పెన్సిల్ పిడికిలితో పట్టుకుంటోందండీ, ఏం చేయాలి?" "ఎల్‌కేజీకి వచ్చాడు, ఇంకా అ రాయడం రావట్లేదు, ట్యూషన్ పెట్టించమంటారా?" నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులు ఏ ఊళ్ళో ఉన్నా అడిగేది ఇదే. ఈ టెన్షన్‌తోనే చాలామంది నాలుగు గీతల కాపీ పుస్తకం కొని, పిల్లల చెయ్యి పట్టుకుని దిద్దించడం మొదలుపెడతారు. ఆ పుస్తకం కొన్నాళ్ళు అలమరలో పెట్టేయండి. అక్షరం రావాలంటే ముందు గీత రావాలి, గీత రావాలంటే వేళ్ళకు బలం రావాలి. ఆ బలం రావడానికి ఇంట్లో ఉన్న పాత శుభలేఖలు, ఒక చిన్న కత్తెర, విరిగిన క్రేయాన్ ముక్కలు చాలు.

ఏ వయసుకు ఏ గీత వస్తుందో ముందు తెలుసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మీరు గీసి చూపిస్తే రెండేళ్ళ పిల్లలు నిలువు గీత గీయగలరు. రెండున్నరకు అడ్డగీత, మూడేళ్ళకు సున్న, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం, ఐదేళ్ళకు త్రిభుజం వస్తాయి. గాలిపటం ఆకారం ఆరేళ్ళు దాటాకే. కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. ఇప్పుడు అ అక్షరాన్ని ఒకసారి నెమ్మదిగా రాసి చూడండి. ఎన్ని వంపులు, ఎన్నిసార్లు దిశ మారింది! సున్న కూడా కలవని మూడేళ్ళ చేతికి అది చాలా పెద్ద పని. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు మొత్తాన్ని ఒకే పునాది దశగా పెట్టింది. కాబట్టి తొందరేం లేదు.

కావలసినవి

- పిల్లల కత్తెర: 12-13 సెంటీమీటర్ల పొడవు, మొన గుండ్రంగా, బ్లేడ్లు స్టీలువి. కొనగానే మీరే ముందు న్యూస్‌పేపర్ కత్తిరించి చూడండి. శుభ్రంగా తెగితేనే పిల్లలకివ్వండి. బ్లేడు కూడా ప్లాస్టిక్‌దైన కత్తెరలు చాలావాటికి కాగితం తెగదు, బ్లేడ్ల మధ్య మడతపడుతుంది. పిల్లలు తమకే చేతకాలేదనుకుని వదిలేస్తారు.
- పాత శుభలేఖలు, క్యాలెండర్ షీట్లు, సబ్బు పెట్టెలు, టూత్‌పేస్ట్ పెట్టెలు. కొత్త చేతికి మందం కాగితమే తేలిక. పల్చటిది వంగిపోతుంది. న్యూస్‌పేపర్ అన్నిటికంటే కష్టం, దాన్ని చివరికి ఉంచండి.
- క్రేయాన్లు: కొత్తవైనా సరే, మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచేయండి. పొడవు క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకోవచ్చు. ముక్కను వేళ్ళతో తప్ప పట్టుకోలేరు. పిడికిలి పట్టు మాన్పించడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు, "ఇలా పట్టుకో, అలా పట్టుకో" అని వందసార్లు చెప్పక్కర్లేదు.
- పలక, బలపం ముక్కలు. బలపాలు తినే అలవాటున్న పిల్లలైతే బలపం మానేసి, తడి బ్రష్‌తో పలక మీద గీయించండి. బలపం, మట్టి, సుద్ద తినడం ఆగకపోతే రక్తహీనత ఉందేమో డాక్టర్‌కు చూపించాలి.
- చపాతీ పిండి ముద్ద, ఒక షీటు బొట్టు బిళ్ళలు, మందంగా రాసే స్కెచ్ పెన్, బట్టల క్లిప్పులు నాలుగు.

కూర్చునే తీరు కూడా ముఖ్యమే. కుర్చీలో అయితే పాదాలు నేలకు ఆనాలి. అందకపోతే కాళ్ళ కింద పీట వేయండి. నేల మీద అయితే బాసింపట్టు వేయించి, ముందు ఒక ఎత్తు పీట పెట్టండి. బోర్లా పడుకుని గీయడం అప్పుడప్పుడూ మంచిదే, భుజానికి బలం. కత్తెర మాత్రం పడుకుని వద్దు.

రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. విసుగు రాకముందే ఆపేయండి.

1. మొదటి వారం పది రోజులు: వేళ్ళకు పని

కత్తెర, పెన్సిల్ రెండూ పక్కన పెట్టండి. వంటింట్లోకి తీసుకెళ్ళండి. చపాతీ పిండిని చిన్న చిన్న ఉండలు చేయించండి, పాముల్లా పొడుగ్గా సాగదీయించండి. పచ్చి బఠాణీలు వలవమనండి, చిక్కుడుకాయలకు నార తీయమనండి. బట్టల క్లిప్పులు గిన్నె అంచుకు పెట్టి తీయడం కూడా బాగుంటుంది. ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చోబెట్టి కాస్త బియ్యప్పిండి ఇవ్వండి. బొటనవేలు, చూపుడువేలి మధ్య నుంచి పిండిని సన్నగా వదలడం అంటే అచ్చం పెన్సిల్ పట్టే వేళ్ళతోనే చేసే పని. రాతిపొడి ముగ్గు మాత్రం ఇవ్వకండి, కళ్ళలో పడుతుంది.

జాగ్రత్త: బఠాణీలు, గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. మీరు పక్కన లేనప్పుడు వాటిని వదిలి వెళ్ళొద్దు.

2. చింపడం

అవును, కాగితాలు చింపించండి. చింపడానికి రెండు చేతులూ ఒకేసారి వేర్వేరు దిక్కులకు కదలాలి. కత్తెరకు కావలసింది ఇదే. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పైకి ఉండాలి, ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనక్కి. రెండు చేతులతో పక్కలకు లాగి చింపుతుంటే కాగితానికి అంచున ఒక సెంటీమీటరు గాటు మీరే పెట్టి ఇవ్వండి. చింపిన ముక్కలు పారేయకండి, తర్వాత అతికించడానికి పనికొస్తాయి.

3. నిలబడి గీయడం

గోడకు కంటి ఎత్తులో ఒక పాత క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి అంటించండి. క్రేయాన్ ముక్క ఇచ్చి నిలబెట్టి గీయమనండి. గోడ మీద గీస్తే మణికట్టు దానంతటదే వెనక్కి వంగి సరైన తీరులో ఉంటుంది, భుజం కూడా పనిచేస్తుంది. గోడ పాడవుతుందనుకుంటే తలుపుకు అంటించండి.

గీతల వరస ఇది: పైనుంచి కిందికి నిలువు గీత ("మేఘం గీశాను, వాన కురిపించు కన్నా"), ఎడమ నుంచి కుడికి అడ్డగీత ("ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి రోడ్డు వెయ్యి"), తర్వాత సున్న. సున్న దగ్గర కాస్త ఎక్కువ రోజులు ఉండండి. తెలుగు అక్షరాల్లో గుండ్రం, అరగుండ్రం లేనిది వెతికినా దొరకదు. సున్న బాగా కుదిరిన చేతికి ర, ఠ, గ, ద పెద్దగా కష్టం కావు. రెండు దిక్కులకూ తిప్పించండి, ఎందుకంటే మన అక్షరాల్లో కొన్ని వంపులు ఎడమకు, కొన్ని కుడికి తిరుగుతాయి.

సున్న వచ్చిందని ఎలా తెలుస్తుంది? చెయ్యి ఆగాలి. మొదట్లో పిల్లలు చుట్లు చుడుతూనే ఉంటారు, ఒకదాని మీద ఒకటి పది చుట్లు. మొదలుపెట్టిన చోటుకు వచ్చి ఆపగలిగిన రోజున సున్న వచ్చినట్టు. కొసలు కాస్త దాటినా, కొంచెం కలవకపోయినా పరవాలేదు.

ఆ తర్వాత కూడిక గుర్తు, చతురస్రం. చతురస్రానికి నాలుగు చుక్కలు పెట్టి ఇవ్వండి, చుక్కల ముగ్గులాగే కలుపుతారు. కొన్ని రోజులకు రెండు చుక్కలు తీసేయండి, తర్వాత అన్నీ తీసేయండి.

4. కత్తెర పట్టించడం

ఈ మెట్టు దగ్గర ఎంత ఓపిక పడితే తర్వాత అంత తేలిక. మూడేళ్ళ ప్రాంతంలో మొదలుపెట్టొచ్చు.

బొటనవేలు పై రింగులో, మధ్యవేలు కింది రింగులో ఉండాలి. చూపుడువేలు కింది రింగు బయట, ముందుగా ఆని ఉండాలి. చెయ్యి మరీ చిన్నదైతే, కింది రింగు పెద్దదైతే చూపుడువేలు, మధ్యవేలు రెండూ లోపల పెట్టించినా తప్పులేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకోవాలి. అవి విచ్చుకుపోతుంటే ఒక చిన్న గుడ్డపీలిక ఆ రెండు వేళ్ళతో పట్టుకోమనండి.

ఇప్పుడు అసలు సంగతి. బొటనవేలి గోరు పైకి, అంటే పిల్లల కంటికి కనబడేటట్టు ఉండాలి. కొత్తగా పట్టుకున్న వాళ్ళలో చాలామంది మణికట్టు తిప్పేసి బొటనవేలు కిందికి పెట్టేస్తారు. "బొటనవేలు పైకి" అని ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. బొట్టు బిళ్ళ తీసి గోరు మీద అంటించండి. "బొట్టు నీకు కనబడుతోందా?" అని అడిగితే చాలు, వాళ్ళే చెయ్యి తిప్పుకుంటారు. కాగితం పట్టుకున్న రెండో చేతి గోరుకూ ఒకటి అంటించండి, ఆ బొటనవేలూ పైకే ఉండాలి. షీటు మీంచి బిళ్ళను ఒలిచే పని కూడా వాళ్ళకే ఇవ్వండి, అది కూడా వేళ్ళకు సాధనే.

ఖాళీ కత్తెర ఆడించొద్దని పెద్దవాళ్ళు అంటుంటారు. నేర్చుకునే మొదటి రోజు మాత్రం కాగితం లేకుండా "తెరువు, మూయి" అని ఆడించండి. మూయడం తేలిగ్గా వస్తుంది, తెరవడమే కష్టం. తెరవలేకపోతుంటే స్ప్రింగు ఉన్న కత్తెర కొన్ని రోజులు వాడొచ్చు. అది దొరక్కపోతే బట్టల క్లిప్పుల దగ్గరకు మళ్ళీ ఒక వారం వెళ్ళండి.

రూల్స్ మొదటి రోజే చెప్పేయండి: కత్తెర కాగితానికే, జుట్టుకు, బట్టలకు కాదు. కూర్చునే వాడాలి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మూసిన బ్లేడ్లు గుప్పిట్లో పెట్టుకుని పిడి వైపు అందించాలి. పని అవగానే మీరు తీసుకుని పైన పెట్టేయండి.

5. ఒక్క కోత

చపాతీ పిండి పాముతో మొదలుపెట్టండి. ముక్కలు ముక్కలుగా కత్తిరించడం పిల్లలకు భలే సరదా. తర్వాత శుభలేఖను రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా మీరు కోసి ఇవ్వండి. కత్తెర ఒక్కసారి మూస్తే ముక్క తెగి కింద పడాలి. ఊళ్ళో ఉంటే కొబ్బరాకులు తీసుకోండి, గట్టిగా నిలబడుతుంది, వెడల్పు సరిపోతుంది, తెగేటప్పుడు చప్పుడు కూడా వస్తుంది. కొబ్బరాకు లేకపోతే జ్యూస్ స్ట్రాలు.

పట్టీ మీద అడ్డంగా చుక్కలూ గీతలూ ఏమీ పెట్టకండి. ఇప్పుడు కావలసింది తెగడం మాత్రమే.

6. గీత వెంట

పట్టీని నాలుగు సెంటీమీటర్లకు పెంచండి, ఇప్పుడు రెండు మూడు కోతలు పడాలి. తర్వాత శుభలేఖ మొత్తం వెడల్పు. స్కెచ్ పెన్‌తో ఒక సెంటీమీటరు మందం గీత గీసి, దాని మీద కత్తిరించమనండి. గీత లోపల ఎక్కడ తెగినా సరే. అది కుదిరాక అర సెంటీమీటరు, చివరికి మామూలు స్కెచ్ పెన్ గీత.

ఇక్కడ వచ్చే తప్పు: ప్రతి కోతకూ కత్తెర పూర్తిగా మూసేయడం. అలా చేస్తే అంచు రంపంలా పళ్ళుపళ్ళుగా వస్తుంది. బ్లేడ్ల మొనలు కలవకముందే మళ్ళీ తెరవమని చూపించండి. ఇంకొకటి, మోచెయ్యి గాల్లోకి లేచిపోవడం. చంకలో ఒక చేతిరుమాలు మడిచి పెట్టి "ఇది కింద పడకుండా కత్తిరించు" అనండి. మోచెయ్యి ఒంటికి ఆనుకుంటుంది.

7. ఆకారాలు: ఇక్కడ వరస మారుతుంది

చాలామంది పొరపడేది ఇక్కడే. గీయడంలో ముందు సున్న, చివర త్రిభుజం. కత్తిరించడంలో అలా కాదు. త్రిభుజం అంటే మూడు తిన్నని గీతలు, మూడు మలుపులు. గీయడానికి కష్టమైనా కత్తిరించడానికి తేలిక. సున్నలో కత్తెర నడుస్తున్నంతసేపూ రెండో చెయ్యి కాగితాన్ని తిప్పుతూనే ఉండాలి. మూడేళ్ళకే సున్న గీసిన పిల్లలకు కూడా దాన్ని చక్కగా కత్తిరించడానికి నాలుగున్నర, ఐదేళ్ళు పడుతుంది. "సున్న గీయడం వచ్చేసిందిగా, కత్తిరించడం ఎందుకు రాదు?" అని కోప్పడకండి.

కాబట్టి మొదట ఒక మూల కత్తిరించమనండి: శుభలేఖ మూలకు అడ్డంగా గీత గీసిస్తే, ఒక్క తిన్నని కోతతో త్రిభుజం చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత చతురస్రం. ప్రతి మూలలో ఒక బొట్టు బిళ్ళ అంటించి "బొట్టు దగ్గర ఆగు, కాగితం తిప్పు, మళ్ళీ వెళ్ళు" అని చెప్పండి. కత్తెర తిరగకూడదు, కాగితం తిరగాలి. ఈ ఒక్క మాట ఎన్నిసార్లైనా చెప్పొచ్చు. చతురస్రం కత్తిరించేటప్పుడు గీతలను కాగితం అంచుదాకా పొడిగించి గీసివ్వండి, మొదట్లో మూల దాటి కోసేసినా ఆకారం చెడదు.

తర్వాత ఇంద్రధనుస్సు లాంటి వంపు, ఆ తర్వాత అరసున్న, చివరికి నిండు సున్న. సున్నకు చిన్న గిన్నె బోర్లించి గీత గీయించండి. దాదాపు పది సెంటీమీటర్ల అడ్డం ఉంటే మంచిది. బొత్తాం అంత సున్నలు పెద్దవాళ్ళకే కష్టం. కత్తిరించేముందు చుట్టూ ఉన్న ఎక్కువ కాగితం మీరు తీసేయండి, గీత బయట రెండు వేళ్ళ వెడల్పు మిగిలితే చాలు.

ఏ వైపు నుంచి వెళ్ళాలన్నది కూడా చెప్పాలి. కుడిచేతి వాటం పిల్లలు గడియారం ముల్లుకు ఎదురు దిశలో కత్తిరించాలి. అప్పుడు ఆకారం ఎడమచేతిలో ఉంటుంది, తీసేసే ముక్క కుడివైపు జారిపోతుంది, గీత కంటికి కనబడుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళు ముల్లు తిరిగే దిశలోనే వెళ్ళాలి.

8. అతికించడం

కత్తిరించిన ముక్కలు చెత్తబుట్టకు పోతే పిల్లలకు రేపు మళ్ళీ కత్తిరించాలన్న ఆశ ఉండదు. చతురస్రం మీద త్రిభుజం పెడితే ఇల్లు, రెండు సున్నలు కలిపితే లారీ చక్రాలు. మైదా ఉడికించిన జిగురు చాలు, చూపుడువేలితో రాయమనండి. జిగురు ఎక్కువ పూస్తారు, పూయనివ్వండి.

ఎడమచేతి వాటం పిల్లలకు

ముందుగా ఒక మాట: చెయ్యి మార్పించకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే నెమ్మదిగా చెప్పి చూడండి, కానీ పిల్లల మీద ఒత్తిడి పెట్టొద్దు. ఏ చెయ్యి ఎక్కువ వాడతారన్నది మూడు నుంచి ఆరేళ్ళ మధ్య స్థిరపడుతుంది. అంతవరకు క్రేయాన్‌ను మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీసుకుంటే అది.

మామూలు కత్తెర కుడిచేతి కోసం చేసింది. ఎడమచేత్తో పట్టుకుంటే నొక్కినప్పుడు బ్లేడ్లు దగ్గరకు రావడానికి బదులు విడిపోతాయి, గీత కూడా బ్లేడు వెనక దాక్కుంటుంది. పిల్లలకు కత్తిరించడం రావట్లేదని అనుకునేముందు కత్తెర ఏ చేతిదో చూడండి. ఎడమచేతి కత్తెర ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గీసేటప్పుడు కాగితం పైభాగం కాస్త కుడివైపుకు వాల్చి పెట్టండి.

తరచూ జరిగే పొరపాట్లు

చెయ్యి పట్టి దిద్దించడం అన్నిటికంటే పెద్దది. మీ చెయ్యి కదిలిస్తే గీత వస్తుంది, కానీ పిల్లల వేళ్ళు ఏమీ నేర్చుకోవు. సాయం కావాలంటే మోచేతి దగ్గర మెత్తగా ఆనించండి, లేదా పక్కన మీ కాగితం మీద మీరు గీయండి, చూసి గీస్తారు.

పెద్దవాళ్ళ కత్తెర, టైలర్ కత్తెర ఇవ్వడం. బరువుకే చెయ్యి వంగిపోతుంది.

మూడేళ్ళకే బొమ్మలో గీత దాటకుండా రంగు వేయమనడం. ఖాళీ కాగితం ఇవ్వండి.

పక్కింటి పిల్లలతో పోల్చడం. పోల్చాలంటే పోయిన నెల వాళ్ళ కాగితంతోనే పోల్చండి.

ఎలా వచ్చిందో చూసుకోవడం

నెలకు ఒకసారి, ఒకే పని చేయించండి: ఒక సున్న, ఒక కూడిక గుర్తు గీయడం, శుభలేఖ మీద ఒక తిన్నని గీత కత్తిరించడం. వెనక తేదీ వేసి ఒక కవర్లో దాచండి. మూడు నెలల కాగితాలు నేల మీద పరిచి చూస్తే ఏం మారిందో కంటికే తెలుస్తుంది. కోత గీతకు ఎంత దూరం పోయిందో చూడండి: మొదట బొటనవేలి వెడల్పు దాకా పోతుంది, రానురాను బియ్యపు గింజ వెడల్పుకు వస్తే బాగా కుదిరినట్టు. కాగితం తిప్పి వెనక వైపు తడమండి. గీతలు గట్టిగా ఉబ్బి చేతికి తగిలితే మరీ ఒత్తి గీస్తున్నారు. గీసేటప్పుడు గోరు చివర తెల్లబడినా అదే సంగతి. అప్పుడు కింద మెత్తటి గుడ్డ పరిచి "కాగితం చిరక్కుండా గీయి" అనండి. గీత కంటికి ఆననంత పల్చగా ఉంటే వేళ్ళకు ఇంకా బలం రావాలి, మొదటి మెట్టుకు వెళ్ళండి.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి

ఏడాదిన్నర నిండకముందే ఒక్క చెయ్యే వాడి రెండోది అసలు వాడకపోతే ఆలస్యం చేయొద్దు. నాలుగేళ్ళు దాటినా సున్న చూసి గీయలేకపోతే, నాలుగున్నరకు కూడా కత్తెరతో ఒక్క కోత పడకపోతే, చేతులు వణుకుతుంటే, ముందు వచ్చిన పనులు తర్వాత పోతే పిల్లల డాక్టర్‌ను కలవండి. అవసరమైతే ఆయనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (చేతి పనులు, రోజువారీ పనులు సాధన చేయించే నిపుణులు) దగ్గరకు పంపుతారు. ప్రైవేటులో ఖర్చు భారమనుకుంటే అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు పరీక్షలు ఉచితం, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రాలకు కూడా అక్కడి నుంచే పంపుతారు. వెళ్ళేటప్పుడు తేదీలు వేసి దాచిన కాగితాల కవరు తీసుకెళ్ళండి. కొత్త చోట పిల్లలు భయపడి ఏమీ గీయకపోయినా, ఆ కాగితాలు చూసి డాక్టర్ చాలా తెలుసుకోగలరు.